స్టేజీ అంటే గడువు కాదు



ఈ మధ్య మన సంఘంలో పెద్దవయసు మగవారి ఇళ్లలో ఒక జబ్బు పేరు తరచుగా వినబడుతోంది. అదే ప్రోస్టేట్ క్యాన్సర్. మేము పరామర్శకు వెళితే కొడుకులు మమ్మల్ని గుమ్మం బయటకు తీసుకుపోయి, గొంతు తగ్గించి ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "అయ్యగారూ, నాలుగో స్టేజీ అంట. ఇంక ఎన్నాళ్లంట?" మేము వైద్యులం కాము. అయితే కొందరికి తోడుగా ఆసుపత్రికి వెళ్లి, డాక్టర్లను అడిగి తెలుసుకున్న సంగతులు మీకు చెప్పడం అవసరమని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ప్రోస్టేట్ అనేది మగవారికి మూత్రాశయం కింద ఉండే చిన్న గ్రంథి. స్టేజీ అనే మాట ఆ గ్రంథిలో పుట్టిన జబ్బు ఎక్కడిదాకా పాకిందో చెబుతుంది. గ్రంథి లోపలే ఉంటే తొలి స్టేజీలు. గ్రంథి పొర దాటి పక్కకు వస్తే మూడు. దగ్గరి లింఫు గ్రంథులకు గాని, ఎముకలకు గాని, వేరే అవయవాలకు గాని చేరితే నాలుగు. ఈ జబ్బు ఎక్కువగా వెన్నెముక, కటి ఎముక, పక్కటెముకల్లోకి పోతుంది. అందుకే కొందరికి మొదట తెలిసేది నడుము నొప్పిగానే. స్టేజీ జబ్బు ఎక్కడుందో చెబుతుంది గాని మనిషి ఎప్పుడు పోతాడో చెప్పదు. నాలుగో స్టేజీలోనే ఒకరికి లింఫు గ్రంథి వరకే ఉండవచ్చు, ఇంకొకరికి కాలేయం దాకా పోయి ఉండవచ్చు. ఇద్దరి దారీ ఒకటి కాదు. ముక్క పరీక్షలో వచ్చే గ్లీసన్ స్కోరు కూడా చూడాలి. అది 6 అయితే జబ్బు నెమ్మది, 9 లేక 10 అయితే దూకుడు.

ఇక హార్మోన్ చికిత్స సంగతి. ఈ క్యాన్సర్‌కు మేత టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్. చికాగోలో చార్లెస్ హగిన్స్ అనే డాక్టరు 1941లో ఈ సంగతి లోకానికి చూపించారు. అందుకు 1966లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ హార్మోన్ చాలావరకు వృషణాల్లో తయారవుతుంది. చిన్న ఆపరేషన్‌తో వాటిని తీసివేయవచ్చు, లేదా నెలకో మూడు నెలలకో ఒక ఇంజెక్షన్‌తో ఆ తయారీని ఆపవచ్చు. కొన్ని ఇంజెక్షన్ల వల్ల మొదటి ఒకటి రెండు వారాలు హార్మోన్ తగ్గే బదులు పెరుగుతుంది. అందుకే డాక్టరు ముందుగా కొన్ని మాత్రలు ఇస్తారు. అవి మానకూడదు.

మన సంఘ పెద్దలలో ఒకాయన నడుము నొప్పి చేలో పనివల్ల అనుకుని ఏడాదిపాటు నూనె రాసుకున్నారు. చివరకు పరీక్ష చేయిస్తే పి.ఎస్.ఏ. 400 దాటింది, ఎముకల స్కానులో మచ్చలు కనబడ్డాయి. ఇంజెక్షన్లు మొదలుపెట్టిన ఆరు నెలలకు పి.ఎస్.ఏ. 0.2 కంటే తగ్గింది. నొప్పి పోయింది. ఆయన ఆనందంతో వచ్చి, "అయ్యగారూ, వచ్చే ఆదివారం సాక్ష్యం చెబుతాను. జబ్బు పోయింది. ఇంక ఆ సూదులెందుకు? ఆ డబ్బు మనవరాలి ఫీజుకు కడతాను" అన్నారు.

మేము ఆయనను ఒక్కటే అడిగాము. "పెద్దయ్యా, మీ చేలో తుంగ పైన ఎండిపోతే కింద గడ్డలు చచ్చినట్టేనా?"

ఆయన కొంచెంసేపు ఊరుకున్నారు. "చావవండి. తడి తగిలితే మళ్లీ లేస్తాయి" అన్నారు.

హార్మోన్ చికిత్స చేసేది అదే. మేత ఆపి జబ్బును అణచిపెడుతుంది, వేరుతో పెరికివేయదు. ఆ ఆదివారం ఆయన సాక్ష్యం చెప్పారు. జబ్బు అణిగిందని, సూది మాత్రం మాననని చెప్పారు. ఆ రోజు మేము విన్న సాక్ష్యాలలో అదే నిజమైనదని మాకు అనిపించింది.

ఆ అంకె తగ్గడం చిన్న విషయం కాదు. ఎముకలకు పాకినవారు మొదలుకొని వెయ్యిమందికి పైగా రోగులను చూసిన అధ్యయనం ఒకటి అమెరికాలో 2006లో ప్రచురితమైంది. ఏడు నెలల చికిత్స తరువాత పి.ఎస్.ఏ. 0.2 లేక అంతకంటే తగ్గినవారిలో సగంమంది 75 నెలలు దాటి బ్రతికారు. 4 కంటే పైనే ఉండిపోయినవారిలో ఆ సంఖ్య 13 నెలలు. "సగంమంది" అనే మాట గమనించండి. మిగతా సగం అంతకు ముందే వెళ్లిపోయారు. ఇది ఎవరి నుదుటి రాతా కాదు, ఒక గుంపు లెక్క. ఆ తరువాత మందులు ఇంకా పెరిగాయి. ఇంజెక్షన్‌తో పాటు అబిరాటెరోన్ వంటి మాత్రలు గాని, డోసిటాక్సెల్ కీమో గాని మొదటినుంచే ఇస్తే ఆయుష్షు పెరుగుతుందని 2015 తరువాత వచ్చిన పెద్ద పరీక్షల్లో రుజువైంది. మీ డాక్టరును దీని గురించి అడగండి. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే ఏవి వర్తిస్తాయో కూడా అడగండి.

ఈ చికిత్స ఖరీదు శరీరం కూడా చెల్లిస్తుంది. ఒళ్లంతా ఆవిర్లు, నీరసం, కండ తగ్గడం, బరువు పెరగడం, ఎముకలు గుల్లబారడం, దాంపత్య కోరిక పోవడం ఉంటాయి. మగవారు ఇవి ఎవరికీ చెప్పుకోలేక చీకట్లో కుమిలిపోతున్నారు. సహోదరీలారా, మీ ఆయన చిరాకు పడితే అది మీమీద కోపం కాదు, హార్మోన్ లేని శరీరం పడే బాధ. రోజూ నడిపించండి. కాల్షియం గురించి, షుగరు పరీక్ష గురించి డాక్టరును అడగండి. ఒక హెచ్చరిక మాత్రం మరువవద్దు. కాళ్లు బలహీనపడినా, తిమ్మిరెక్కినా, మూత్రం ఆగిపోయినా తెల్లవారేదాకా చూడవద్దు. వెన్నుపాము నొక్కుకుపోయి ఉండవచ్చు. ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

పెద్దాయనకు ఇప్పుడు మూడో ఏడు నడుస్తోంది. ఈ మధ్య పి.ఎస్.ఏ. మళ్లీ మెల్లగా పైకి వస్తోంది. హార్మోన్ లేకుండానే పెరగడం కొన్నాళ్లకు ఈ జబ్బు నేర్చుకుంటుందని డాక్టరు ఆయనకే నేరుగా చెప్పి, మందు మార్చారు. ఆయన భయపడ్డారు, మేమూ భయపడ్డాము. కాని తన సంగతి తనకు తెలుసు గనుక ఈ మూడేళ్లలో ఆయన కొడుకులకు పొలం పంచారు, పదేళ్లుగా మాటలు లేని తమ్ముడి ఇంటికి వెళ్లి భోజనం చేసి వచ్చారు. కొడుకులు దాచిపెట్టి ఉంటే ఆ భోజనం జరిగేది కాదు.

హిజ్కియా రాజుకు పదిహేను సంవత్సరాలు పొడిగించబడినప్పుడు కూడా ప్రార్థనతో పాటు పుండుమీద అంజూరపు పండ్ల ముద్ద వేశారు. ప్రార్థనకూ మందుకూ అక్కడ తగాదా లేదు. కాబట్టి ప్రియులారా, గుమ్మం బయట గుసగుసలు మానండి. లోపలికి వెళ్లి, మంచం పక్కన కూర్చుని, నిజాన్ని ప్రేమతో ఆయనకే చెప్పండి. తరువాతి ఇంజెక్షన్ తేదీ క్యాలెండరులో ఎర్రగా గుర్తు పెట్టండి. ఆ రోజు తోడు వెళ్లడానికి ఎవరూ లేకపోతే మాకు కబురు చేయండి, మేము వస్తాము.

ప్రభువు మీ ఇళ్లకు సమాధానము దయచేయును గాక. ఆమేన్.