స్పెక్ లేని పాటకు బాణీ ఎవరిది?

ముందే చెప్పేస్తున్నా, నాకు సంగీతం రాదు. చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, అందులోనూ ఎవరో సగం రాసి వదిలేసి వెళ్లిన కోడ్‌ని పూర్తి చేసే పని. కాబట్టి ఇది విద్వాంసుడి విమర్శ కాదు, మిగిలిపోయిన పని మీద బతికేవాడి అభిప్రాయం. ఆ మాత్రం విలువే ఇవ్వండి.

బీథోవెన్ 1827లో పోయేనాటికి తొమ్మిది సింఫనీలు పూర్తి చేశాడు. పదోదానికి చిత్తు కాగితాలే మిగిలాయి. ఆ ముక్కల్ని పట్టుకుని సంగీత చరిత్రకారులు, ఒక స్వరకర్త, ఏఐ వాళ్లు కలిసి కొన్ని భాగాలు పూరించి, 2021 అక్టోబర్ 9న ఆయన పుట్టిన బాన్ నగరంలోనే వాయించారు. అంతకు రెండేళ్ల ముందు, 2019 ఫిబ్రవరిలో, షూబర్ట్ 1822లో మొదలుపెట్టి వదిలేసిన సింఫనీకి ఒక ఫోన్ కంపెనీ ఏఐతో మిగతా భాగాలు చేయించి లండన్‌లో వాయించింది. "యంత్రం బీథోవెన్ అవుతుందా" అని అప్పుడు చాలామంది కొట్టుకున్నారు. నాకు ఆ గొడవ కన్నా ఇంకో ప్రశ్న ముఖ్యం అనిపిస్తుంది. పూర్తి చేసినవాడు అతుకు ఎక్కడుందో చెప్పాడా, దాచాడా?

ఈ విషయంలో పాశ్చాత్యుల దగ్గర రెండు రకాల మనుషులూ ఉన్నారు. మొజార్ట్ 1791 డిసెంబర్‌లో పోయాడు. ఆయన 'రెక్వియం' సగంలో ఆగిపోయింది. డబ్బు ఇచ్చి రాయించుకున్న ఆసామికి పూర్తి ప్రతి అందకపోతే మిగతా సొమ్ము రాదు. అందుకని భార్య ఆ పనిని జ్యూస్మయర్ అనే శిష్యుడికి అప్పగించింది. ఆయన పూర్తి చేసి, మొజార్ట్ సంతకం తనే పెట్టేశాడు. పక్కన ఏడాది 1792 అని వేశాడు! పోయిన మనిషి మరుసటి ఏడాది సంతకం పెట్టాడన్నమాట. మన భాషలో చెప్పాలంటే, ఐడీ డిసేబుల్ అయిన ఉద్యోగి పేరు మీద కమిట్ పడింది.

రెండో రకానికి ఉదాహరణ ఆంథొనీ పేన్. ఇంగ్లండ్ స్వరకర్త ఎల్గార్ 1934లో పోయేముందు, మూడో సింఫనీ చిత్తుప్రతుల్ని ఎవర్నీ ముట్టుకోనివ్వొద్దని స్నేహితుడిని కోరాడు. నూటముప్పైకి పైగా పేజీలు అవి. అరవై ఏళ్లు దాటాక, కాపీరైటు గడువు దగ్గర పడుతుంటే, ఎలాగూ ఎవరో ఒకరు ముట్టుకుంటారు కదా అని కుటుంబం పేన్‌కి అనుమతి ఇచ్చింది. 1998లో వాయించారు. ఆయన దానికి 'ఎల్గార్ మూడో సింఫనీ' అని పేరు పెట్టలేదు. 'ఎల్గార్ చిత్తుప్రతులు, విస్తరించినది ఆంథొనీ పేన్' అనే అర్థం వచ్చేలా పెట్టాడు. రెండు పేర్లూ అట్ట మీదే ఉన్నాయి.

సరే, సింఫనీలతో మనకేం పని అంటారా? మనకూ ఉంది, అదీ ఇంతకన్నా పెద్దది.

మా ఊరు హసన్‌పర్తి. వరంగల్ నుంచి కరీంనగర్ పోయే దారిలో వస్తుంది, ఇప్పుడు హనుమకొండ జిల్లా. ఎర్రగట్టు మీద వేంకటేశ్వర స్వామి గుడి, పక్కనే ఇంజనీరింగ్ కాలేజీ. వెంకన్న గుడి ఉన్నచోట అన్నమయ్య పాట ఉండకుండా ఎలా ఉంటుంది? మా వాళ్లందరి నోటా ఆ పాటలే. మా చిన్నమ్మ కొడుక్కి ఈ మధ్య ఏఐ పిచ్చి పట్టింది. వాడు ఒక ఆలోచన చెప్పాడు. అన్నమయ్య కీర్తనల్లో ఇంతవరకూ ఎవరూ పాడనివి తీసుకుని, సాహిత్యమూ రాగం పేరూ ఏఐకి ఇచ్చి, బాణీలు చేయించి, 'అన్నమయ్య అసలు బాణీలు' అని యూట్యూబ్‌లో పెడతాడట. "బీథోవెన్‌దే పూర్తి చేసిండ్రు గదన్నా, అన్నమయ్యది చేస్తే తప్పేంది?" అన్నాడు.

చేస్తే తప్పులేదు. 'అసలు' అన్న మాట దగ్గరే నా పేచీ.

అసలు మన చేతిలో ఏముందో చూద్దాం. అన్నమాచార్యులు 1408 నుంచి 1503 దాకా ఉన్నారు. 32 వేల సంకీర్తనలు చెప్పారని ప్రతీతి. ఆయన కొడుకు, మనవడి కాలంలో వాటిని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో ఒక చిన్న రాతి గదిలో దాచారు. తర్వాత శతాబ్దాల తరబడి పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1922లో అవి బయటి ప్రపంచం దృష్టికి వచ్చాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటివాళ్లు కూర్చుని చదివి, పరిష్కరించి, అచ్చు వేయించారు. మనకు దక్కినవి 12 వేలకు పైగా. చెప్పినవాటిలో సగం కూడా కాదు.

రేకు మీద ఏముంటుంది? రాగం పేరు, పల్లవి, చరణాలు. అంతే. స్వరం లేదు. తాళమూ చెప్పలేదు. ఎల్గార్ చిత్తు కాగితాల మీద కనీసం స్వరాలున్నాయి. ఇక్కడ ఒక్క స్వరం కూడా లేదు. ఫంక్షన్ పేరు ఉంది, లోపల కోడ్ లేదు. పోనీ పేరైనా నమ్మొచ్చా అంటే అదీ తిరకాసే. ఇప్పుడు మనం రాగాల్ని సర్దుకునే 72 మేళకర్తల లెక్క వేంకటమఖి పుణ్యమా అని 17వ శతాబ్దంలో వచ్చింది, అంటే అన్నమయ్య పోయిన నూరేళ్లు దాటాక. సామంతం, దేశాక్షి, పాడి అని రేకు మీద కనబడితే, ఆయన పాడిన సామంతమూ ఇప్పుడు పుస్తకంలో ఉన్న సామంతమూ ఒకటేనని పూచీ ఎవరిస్తారు? లైబ్రరీ పేరు అదే, వెర్షన్ మారింది. పాత వెర్షన్ ఎక్కడా దొరకదు.

మరి ఏ ఆధారమూ లేదా అంటే, ఉంది. సాహిత్యమే ఆధారం. మాత్రలు లెక్కపెడితే పాట నడక ఏమిటో ఊహించవచ్చు. యతిప్రాసలు ఊపు ఎక్కడ పడుతుందో చెబుతాయి. పల్లవి ఎత్తుగడ లాలిపాటదా, వేదాంతానిదా అన్నది భావం చెబుతుంది. మైసూరు మహారాజా కాలేజీలో దశాబ్దాల పాటు తెలుగు పాఠం చెప్పిన రాళ్లపల్లి వారికి ఛందస్సూ తెలుసు, సంగీతమూ తెలుసు. అందుకే ఆయన చేతిలో ఆ ఎముకలకు కండ పట్టింది. ఆయన బాణీలు కట్టి స్వరలిపితో సహా ఇచ్చారు. తర్వాత మంగళంపల్లి బాలమురళీకృష్ణ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వచ్చారు. 1978లో తిరుపతి దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టు పెట్టాక ఈ పని ఊపందుకుంది. 2025లో కన్నుమూసిన బాలకృష్ణప్రసాద్ గారు ఒక్కరే కొన్ని వందల పాటలకు బాణీ కట్టారు. చాలా పాటల్ని రేకు మీదున్న రాగంలో కాకుండా తమకు తోచిన రాగంలో కట్టారు కూడా. 'నానాటి బతుకు నాటకము' వింటే గుండె బరువెక్కుతుంది కదా, ఆ రేవతి రాగం బాణీ నేదునూరి వారిది. 15వ శతాబ్దంలో తిరుమల కొండ మీద వినబడినది అది కాదు.

దీని వల్ల ఆ పాట విలువ తగ్గిందా? నా మటుకు పెరిగింది. ఐదువందల ఏళ్ల దూరంలో ఉన్న ఇద్దరు మనుషులు కలిసి చేసిన పాట అది. కానీ ఒకరి పేరే మిగిలింది. కట్టినవాళ్లు దాచలేదు. కచేరీల్లో చెప్పారు, పుస్తకాల్లో వేశారు. మధ్యలో క్యాసెట్లు, సీడీలు, యాప్‌లు చేతులు మారుతున్నకొద్దీ రెండో పేరు రాలిపోయింది. రిపోజిటరీని కాపీ చేసి హిస్టరీ వదిలేసినట్టు. 1997లో 'అన్నమయ్య' సినిమా వచ్చాక కీరవాణి బాణీలు కూడా అన్నమయ్యవే అనుకునే పిల్లలు తయారయ్యారు.

మా అమ్మతో ఇదంతా చెబితే, "పాట మంచిగున్నది, దేవునికి చేరుతున్నది, ఎవరు కడితే ఏంది బిడ్డా?" అంది. దండం పెట్టుకునేవాళ్లకు ఆ మాట చాలు, నేను కాదనను. కానీ మా తమ్ముడు పాడి దండం పెట్టడం లేదు, లేబుల్ వేసి ప్రచురిస్తున్నాడు. లేబుల్‌కి నిజంతో పని ఉంటుంది.

పైగా ఏఐ దగ్గర ఇంకో చిక్కుంది. బీథోవెన్ పదో సింఫనీ చేసిన యంత్రం నేర్చుకోవడానికి ఆయనవే తొమ్మిది సింఫనీలు, ఇంకా ఎన్నో రచనలు స్వరాలతో సహా ఉన్నాయి. అన్నమయ్య స్వరం నేర్చుకోవడానికి యంత్రానికి ఏం ఇస్తావు? ట్రెయినింగ్ డేటా సున్నా. అది వినగలిగేదల్లా నేదునూరి వారిని, బాలకృష్ణప్రసాద్ గారిని, భజన రికార్డులని. అంటే వాళ్ల పోకడలనే కలిపి కొట్టి, వాళ్ల పేర్లు తీసేసి, అన్నమయ్య సంతకం పెట్టడం. జ్యూస్మయర్ కనీసం తను రాసినదానికే దొంగ సంతకం పెట్టాడు. ఇది ఇంకొకరు రాసినదానికి మూడో మనిషి సంతకం.

మన దగ్గర ఇంతకన్నా మంచి అలవాటు ఉండేది. పోతన గారి బమ్మెర మా పాత వరంగల్ జిల్లాలోదే, ఇప్పుడు జనగామ జిల్లాలో ఉంది. ఆయన భాగవతంలో కొన్ని స్కంధాలు శిథిలమైపోతే వేరేవాళ్లు పూరించారు. ఐదోది గంగన, ఆరోది ఏర్చూరి సింగన, పదకొండు, పన్నెండు వెలిగందల నారయ. తెలుగువాళ్లకి పోతన అంటే ఎంత భక్తో తెలుసు కదా, ఆయన పేరు మీద చలామణీ చేసేస్తే అడిగేవాడు లేడు. కానీ స్కంధం చివర గద్యంలో ఎవరి పేరు వాళ్లు చెప్పుకున్నారు. నారయ అయితే తాను పోతన ప్రియశిష్యుడినని కూడా చెప్పుకున్నాడు. గురువు పేరు పక్కన తన పేరు పెట్టుకోవడం పొగరు అనుకోలేదు, బాధ్యత అనుకున్నాడు. బాగా లేకపోతే తిట్లు నాకు, గురువుకి కాదు అని.

శైలి కలిసిపోవాలి కదా అంటే ఎర్రన ఉన్నాడు. నన్నయ భారతం అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో, శరత్కాలపు రాత్రుల వర్ణన దగ్గర ఆగిపోయింది. దాదాపు మూడువందల ఏళ్ల తర్వాత ఎర్రన అందుకుని శరత్కాలపు ఉదయంతో మొదలుపెట్టాడు. రాత్రి దగ్గర వదిలినదాన్ని తెల్లవారుజాము దగ్గర పట్టుకోవడం, అంతకన్నా అందమైన అతుకు నేను చూడలేదు. అంకితం కూడా నన్నయ ప్రభువు రాజరాజనరేంద్రుడికే ఇచ్చాడు. అంతా చేసి, పర్వం చివర ఒక పద్యంలో, నన్నయ కవితారీతి కొంత తోచేలా ఇది పూరించింది ఫలానా ఎర్రననని చెప్పేశాడు. ఆ ఒక్క పద్యమే భక్తికీ మోసానికీ మధ్య గీత.

ఇదంతా విని మా తమ్ముడు సగమే ఒప్పుకున్నాడు. 'అసలు' తీసేస్తాడట, కానీ 'ఏఐ' అని రాస్తే వ్యూస్ రావట. ఆ వాదన ఇంకా నడుస్తోంది.

వాడి సంగతి వాడు చూసుకుంటాడు. మన చేతిలో ఉన్నది చిన్న పని. పిల్లల స్కూలు ఫంక్షన్‌కో, సంఘం దసరా కార్యక్రమానికో అన్నమయ్య పాట పెడితే, కాగితం మీద 'సాహిత్యం: అన్నమాచార్య' అని రాసి ఆగిపోకండి. కింద ఇంకో లైను వేయండి: 'బాణీ:' అని. పేరు తెలిస్తే రాయండి. తెలియకపోతే ఖాళీగా వదిలేయండి. ఇంకొకరు కూడా పనిచేశారని ఆ ఖాళీ అయినా చెబుతుంది.