గార పళ్ళ నవ్వు

పెళ్ళిచూపుల్లో నేను నవ్వలేదు. "పిల్ల నెమ్మదస్తురాలు" అని మెచ్చుకున్నారు అత్తగారివాళ్ళు. నోరు తెరవొద్దని మా అమ్మ ముందురోజే చెప్పిన సంగతి వాళ్ళకు తెలీదు. మాది కనిగిరి పక్క పల్లె. మా ఊళ్ళో అందరివీ గార పళ్ళే. మగపిల్లలకు అది ఊరి గుర్తు. ఆడపిల్లలకైతే కట్నంలో ఇంకో పదివేలు.

ఆ గార వదిలించుకోడానికి నేను చెయ్యని పని లేదు. కచ్చిక బూడిద, ఇటుక పొడి, ఉప్పు, నిమ్మచెక్క... చిగుళ్ళు నెత్తురు కారేదాకా తోమేదాన్ని. నల్లపాడు కోడలినయ్యాక, కాలేజీలో పాఠాలు చెబుతున్నప్పుడు కూడా నోటికి పమిట చెంగు అడ్డం పెట్టుకునే నవ్వేదాన్ని. చివరికి గుంటూరులో ఒక బ్యూటీపార్లరుకి వెళ్ళాను. ఏం మందు పూస్తున్నారని నేను అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. ఆ రాత్రి గుక్కెడు మంచినీళ్ళు తాగబోతే పళ్ళు జివ్వుమని నెత్తికెక్కింది. చిగుళ్ళు కాలి తెల్లబడ్డాయి. గోధుమరంగు మచ్చలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. చుట్టూ పన్ను తెల్లబడేసరికి మరీ కొట్టొచ్చినట్టు కనబడ్డాయి.

తర్వాత చూపించుకున్న పళ్ళ డాక్టరమ్మ మొదట నన్ను తిట్టలేదు. "ఇది మురికి కాదమ్మా, తోమితే పోడానికి" అంది. చిన్నతనంలో చిగురు లోపల పన్ను తయారయ్యేటప్పుడే నీళ్ళలోని ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎనామిల్ అలా మచ్చలు పడుతుందట. నేను ఏళ్ళ తరబడి అరగదీసింది మచ్చని కాదు, పంటి పైపొరని. అందుకే లోపలి డెంటిన్‌కి చల్లదనం సూటిగా తగులుతోంది.

ఇటువంటి పళ్ళకు కారణం ఫ్లోరైడ్ అని 1931లో అమెరికాలో తేలింది. 1937లో మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో వైద్యులు ఈ జబ్బుని గుర్తించి రాశారు. 1970లో కొత్త జిల్లాలో కలిసేదాకా మా కనిగిరి నెల్లూరు జిల్లాలోదే. అంటే నేను పుట్టేనాటికే తెలిసిన సంగతి! లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్ళు దొరక్కపోతే 1.5 దాకా ఓర్చుకోవచ్చని ప్రమాణాలూ ఉన్నాయి. బావి నుంచి ఆ నీళ్ళు మోసింది మా అమ్మ. ఆ నీళ్ళతో వండి పెట్టిందీ ఆమే. కూతురి పళ్ళు చూసి, "సరిగ్గా తోముకోవే" అని తిట్టాల్సి వచ్చిందీ ఆమెకే.

డాక్టరమ్మ వైద్యం నిదానంగా సాగింది. మొదట పిప్పి పన్ను బాగుచేసింది. మెత్తటి బ్రష్షు ఇచ్చి, పొడులూ నిమ్మకాయా మాన్పించింది. రెండు వారాలు పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు వాడమంది. జివ్వుమనడం తగ్గాకే నా పళ్ళ అచ్చు తీసి, దానికి సరిపోయే ట్రే చేయించింది. అందులో 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్ పలచగా, చిగుళ్ళకు తగలకుండా, రాత్రి విడిచి రాత్రి పెట్టుకోవాలి. పళ్ళు లాగితే ఆపేయాలి. కడుపుతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు అసలు వద్దంది. ముదురు మచ్చల్ని తనే పైపైన కాస్త తీసి, గుంటలుపడ్డ చోట పన్ను రంగు పూత వేసింది. ముత్యాలేం కాలేదు. చల్లటి నీళ్ళు మాత్రం తాగగలుగుతున్నాను.

మొన్న మిరప కోతలకు మా వైపు నుంచి వచ్చిన ఆడవాళ్ళు ఘాటుకి మూతికి గుడ్డలు కట్టుకుని మా ఇంటి ముందు నుంచి పోతున్నారు. మంచినీళ్ళడిగారు. ఒకామె గుడ్డ విప్పి నా యాస విని, "మన కనిగిరి పిల్లవే!" అంటూ పకపకా నవ్వింది. అన్నీ గార పళ్ళే. ఆమె చెయ్యి నోటికి అడ్డం పోలేదు.

నా చెయ్యి సగం దాకా లేచి, ఆగింది.