పిండి రాలితే ఆగాలి



పోయిన ఆదివారం వాక్యం చెబుతూ ఒక సంగతి దాటేశాం. అందరి ముందు చెప్పడానికి సిగ్గనిపించింది. మేమిద్దరం ఇంట్లో మాట్లాడుకుని, ఇక్కడైనా రాయాలనుకున్నాం.

మన సంఘంలో ఒంటరిగా ఉంటున్న ఒక పెద్దమ్మకు ఎకరం కాఫీ ఉంది. మన అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని అందరం సంతోషించాం. పెద్దమ్మకు మాత్రం ఆ కాఫీ అంటే ఏడాది బియ్యం, మనవరాలి చదువు. వేసవి వానలు రెండు పడ్డాక, తొలకరి రాకముందే, సిల్వర్ ఓక్ కింది కొమ్మలు కొన్ని తీయాలి. నీడ ఎక్కువైతే కాపు తగ్గుతుంది. మరీ తీసేసినా ఎండ నేరుగా కాండాల మీద పడి, కాండం తొలిచే పురుగు పెరుగుతుంది. ముసలి కాఫీ మొక్కల్ని నేలకు అడుగు ఎత్తులో ఏటవాలుగా కోసేస్తే కొత్త చిగుళ్ళు వస్తాయి. ఈ పనంతా మేం చేసి పెడతామని మాట ఇచ్చాం. మా దగ్గర ఆరు అంగుళాల బ్యాటరీ రంపం ఉంది కదా అని ధైర్యం.

అయితే చైను మొద్దుబారింది. పదునున్న చైను చెక్కను చిన్న చిన్న పేళ్ళుగా తీస్తుంది. మాది పిండి రాల్చింది. అయినా ఆగలేదు, బలం పెట్టి నొక్కాం. బారు వేడెక్కింది, చెక్క మాడిన వాసన వచ్చింది. చివరికి రంపం జారి, పక్కనే ఉన్న మంచి మొక్క బెరడును జానెడు చీల్చింది. ఆ పురుగు గుడ్లు పెట్టేది బెరడు పగుళ్ళలోనే. పెద్దమ్మ చూసి, "పోనీండి బాబూ, మొక్కే కదా" అంది. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది.

కొత్త చైను కొనడంలోనూ తొందరపడ్డాం. "ఆరు అంగుళాల రంపానికి ఇవ్వండి" అని అడిగి తెచ్చేశాం. బిగించే మరను చివరిదాకా తిప్పినా అది వేలాడుతూనే ఉంది. అలాగే నడిపితే బారు మీంచి ఊడిపోయింది. చేతికి తగలకపోవడం దేవుని కృప.

ఇక మాకు తోచింది ఒక్కరే. మన యవ్వనస్థుల్లో ఒక తమ్ముడు కొడగు కాఫీ తోటల్లో రెండేళ్ళు చెట్ల పని చేసి వచ్చాడు. ఫిబ్రవరిలో అతను కూడికకు ఆలస్యంగా వస్తే అందరి ముందు గట్టిగా మాట అన్నాం. ఆ వారం మాకు సరైన నిద్ర లేదు, ప్రార్థన కూడా లేదు. మాట అన్నది ఒక నోరే అయినా పక్కన కూర్చున్న రెండో నోరు కూడా ఆపలేదు. అప్పటినుంచి అతను రావడం మానేశాడు. ఎవరైనా అడిగితే, లోకంలో పడిపోయాడని చెప్పాం.

సాయంత్రం రెండు చైన్లూ పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాం. అతను ఏమీ అడగలేదు. రెండింటినీ అరుగు మీద పరిచి, గాడిలో దిగే లింకులు లెక్కపెట్టాడు. పాతదానికి 36, మేం తెచ్చినదానికి 38. అంగుళాలు చెబితే చాలదని, మూడు కొలతలు కలవాలని చెప్పాడు. వరసగా ఉన్న మూడు రివిట్ల మధ్య దూరంలో సగం ఒకటి. గాడిలో దిగే లింకు మందం రెండోది. ఆ లింకుల సంఖ్య మూడోది. మందం ఎక్కువైతే గాడిలో దిగదు, తక్కువైతే ఊగి వంకరగా కోస్తుంది.

కొలతలు కలిసిన చైను తెచ్చాక అతనే బిగించి చూపించాడు. ముందు బ్యాటరీ తీసేయాలి. గాడిలో చేరిన పొట్టు గోకేయాలి. బారు పైభాగాన పళ్ళ పదును ముందుకు చూడాలి. చైనును పైకి లాగి వదిలితే టక్కున వెనక్కి కూర్చోవాలి, చేత్తో తిప్పితే తేలిగ్గా తిరగాలి. కొత్త చైను మొదట్లో సాగుతుంది గనుక కాసేపు కోసి, చల్లారనిచ్చి మళ్ళీ బిగించాలి. నూనె ఎండిపోకుండా చూడాలి. పదును పెట్టేటప్పుడు పన్ను పరిమాణానికి తగిన గుండ్రటి ఆకురాయితో, లోపలినుంచి బయటికి, ఒకే వాలులో, ప్రతి పన్నుకూ సమానంగా రాయాలి. ఒకవైపు ఎక్కువ రాస్తే కోత ఒక పక్కకు పోతుంది.

"పిండి వస్తుంటే ఆపీయాలి అయ్యగారూ" అన్నాడు. "నొక్కితే పక్కోడికి తగుల్తాది."

మా ఇద్దరికీ నోట మాట రాలేదు. ఇనుము మొద్దుబారితే బలం ఎక్కువ పెట్టాల్సి వస్తుందని ప్రసంగి గ్రంథం 10వ అధ్యాయంలో ఉంది. ఎన్నోసార్లు బోధించాం. కానీ ఆ ఫిబ్రవరి కూడికలో మొద్దుబారినది మేమే. ఆగి దేవుని సన్నిధిలో కూర్చోవలసిన వారం మేం ఇంకా గట్టిగా నొక్కాం. తగిలింది అతనికి.

అక్కడే క్షమాపణ అడిగాం. లోకంలో పడ్డాడని చెప్పిన మాట కూడా ఒప్పుకున్నాం. అతను చాలాసేపు ఆకురాయి తుడుస్తూ ఉండిపోయాడు. తర్వాత, "పెద్దమ్మ తోటకు శనివారం నేనొస్తాను" అన్నాడు. వచ్చాడు. కోసిన మొదళ్ళకు, చీలిన బెరడుకు బోర్డో పేస్టు పూశాడు. ఆదివారం మాత్రం ఇంకా రాలేదు. ఎప్పుడొస్తావని మేం అడగలేదు, మీరూ అడగవద్దు. అతని గురించి మేం మీతో చెప్పిన మాట తప్పు. దయచేసి అది మరచిపోండి.

రంపం, ఆకురాయి మందిరం వరండాలో ఉంటాయి. ఎవరికి కావాలన్నా తీసుకెళ్ళండి. మా మాటల్లో పిండి రాలుతున్నట్టు మీకు కనిపిస్తే, మొహమాటపడకుండా మాకు చెప్పండి.

ప్రభువు మనందరికీ ఆగే బుద్ధిని దయచేయును గాక. ఆమేన్.