మయసభలో మాస్టారి దంపతులు

పిల్లలు అమెరికాలో స్థిరపడ్డాక మన పెద్దవాళ్ల యాత్రల జాబితా మారిపోయింది. కాశీ, రామేశ్వరాల సరసన నయాగరా, వైట్ హౌస్, గ్రాండ్ కాన్యన్ వచ్చి చేరాయి. ఆ జాబితాలో లాస్ వేగాస్‌ది మాత్రం కాస్త చిత్రమైన స్థానం. వెళ్లొచ్చినవాళ్లు ఫొటోలు అందరికీ చూపిస్తారు. ఏం చేశారని అడిగితే మాత్రం ‘ఏముంది, ఊరికే చూసొచ్చాం’ అని మాట దాటేస్తారు! జూదానికి పేరుపడ్డ ఊళ్లో ఊరికే చూడ్డానికి ఏముంటుంది? చాలానే ఉంది. తెల్లవారింది మొదలు అర్ధరాత్రి దాకా తిరిగినా తరగనంత ఉంది. అలా తిరిగొచ్చిన ఓ జంట కబుర్లివి.

ఆయన గోదావరి జిల్లాలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆవిడ ఇల్లు చూసుకున్నారు. లాస్ ఏంజెలిస్‌లో ఉండే కొడుకు కారులో తీసుకొచ్చాడు. దాదాపు 270 మైళ్లు, దారిలో చాలాభాగం మొజావే ఎడారే. చంటిపిల్లతో కొడుకూ కోడలూ హోటల్ గదిలోనే ఉండిపోవాల్సి రావడంతో, పెద్దవాళ్లిద్దరికీ బస్సు పాసులు కొనిచ్చి, తండ్రి చేతిలో వంద డాలర్లు పెట్టి ‘సరదాగా ఆడుకోండి నాన్నా’ అన్నాడు. ఆ డబ్బు మాస్టారి జేబులో ఎంతోసేపు లేదు. లిఫ్టు కిందికి దిగేలోపే ఆవిడ హ్యాండ్‌బ్యాగులోకి చేరిపోయింది. ఆయనకు మిగిలింది ఒక్క ఇరవై డాలర్ల నోటు. ఆవిడ జాగ్రత్తకు కారణముంది. పుట్టింటివారి రెండెకరాల మాగాణి ఒక సంక్రాంతికి, మూడంటే మూడు రోజుల్లో, పేకముక్కల మీద పోయింది. అప్పటికి ఆవిడకు పదకొండేళ్లు.

పొద్దున్నే ఏడింటికి మొదటి మజిలీ ఊరికి దక్షిణాన ఉన్న స్వాగతం బోర్డు. ‘వెల్‌కమ్ టు ఫ్యాబ్యులస్ లాస్ వేగాస్’ అని రాసి, నెత్తిన ఎర్ర నక్షత్రంతో ఉంటుంది. 1959లో బెట్టీ విల్లిస్ అనే ఆవిడ గీసిన డిజైన్ ఇది. దానిమీద ఆవిడ ఎలాంటి హక్కులూ తీసుకోలేదు. అందుకే ఆ బొమ్మ తాళంచెవుల గొలుసుల నుంచి కాఫీ కప్పుల దాకా ఎక్కడపడితే అక్కడ కనిపిస్తుంది. కోట్లు సంపాదించే ఊరికి గుర్తుగా నిలిచిన బొమ్మ మీద గీసినావిడకు రాయల్టీ లేదన్నమాట! ఫొటో కోసం అప్పటికే క్యూ ఉంది. ఎండ ముదిరేలోపే వెళ్లడం మంచిది. వేసవిలో ఇక్కడ 40 డిగ్రీలు దాటడం మామూలే. 2024 జులైలో 48.9 డిగ్రీలతో రికార్డు నమోదైంది. రెంటచింతల ఎండలు తెలిసినవాళ్లు కూడా నోరెళ్లబెట్టాల్సిందే.

ఇంకో తమాషా ఏమిటంటే, ఈ బోర్డుగానీ, దాని తర్వాత వరుసగా కనిపించే మహా హోటళ్లలో చాలా భాగంగానీ లాస్ వేగాస్ నగరంలో లేవు. నాలుగు మైళ్ల పైచిలుకు పొడవున్న ‘స్ట్రిప్’ అనే ఈ రోడ్డు దాదాపుగా నగరం పొలిమేర అవతల, పారడైజ్ అనే ప్రాంతంలో ఉంది. అసలు ఊరు ఉత్తరాన ఉంది. స్పానిష్‌లో లాస్ వేగాస్ అంటే పచ్చిక బయళ్లు. ఎడారి మధ్యలో ఊటనీళ్లు, వాటి చుట్టూ పచ్చగడ్డి ఉండేవి. 1905 మేలో రైలు కంపెనీ ఇక్కడ స్థలాలు వేలం వేయడంతో ఊరు పుట్టింది. 1931లో నెవాడా రాష్ట్రం జూదాన్ని చట్టబద్ధం చేసింది. అదే ఏడాది దగ్గర్లో కొలరాడో నది మీద హూవర్ డ్యామ్ పని మొదలైంది. జూదమూ డ్యామూ... ఈ ఊరి కథంతా ఆ రెంటి చుట్టూ తిరుగుతుంది.

స్ట్రిప్ వెంట నడుస్తుంటే ప్రపంచమంతా ఒకే వీధిలో ఇళ్లు కట్టుకున్నట్టుంటుంది. 1993లో కట్టిన లక్సర్ హోటల్ నల్లటి పిరమిడ్. ఇంకాస్త ముందుకెళితే న్యూయార్క్ ఆకాశహర్మ్యాలు, వాటి ముందు స్వేచ్ఛా ప్రతిమ. ఈ విగ్రహం కథ మాస్టారికి భలే నచ్చింది. 2010లో అమెరికా తపాలా శాఖ స్వేచ్ఛా ప్రతిమ స్టాంపు విడుదల చేసింది. తీరా చూస్తే దానిమీద ఉన్నది న్యూయార్క్ విగ్రహం కాదు, ఈ హోటల్ ముందున్న నకలు! దాన్ని చెక్కిన శిల్పి కోర్టుకెళ్లాడు. 2018లో ఆయనకు 35 లక్షల డాలర్లు ఇవ్వాలని తీర్పు వచ్చింది. ఆ తర్వాత వచ్చే ఈఫిల్ టవర్ అసలుదానిలో సగం ఎత్తు, 540 అడుగులు. పాత గైడు పుస్తకాలు పట్టుకెళ్లేవాళ్లు మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి. వాటిలో తప్పకుండా చూడమని రాసిన మిరాజ్ హోటల్ అగ్నిపర్వతం ఇక లేదు. ఆ హోటల్ 2024 జులైలో మూతపడింది. ఈ ఊరు పాతదాన్ని దాచుకోదు. పేల్చేసి, ఆ పేలుడును కూడా వేడుకలా చూపిస్తుంది!

మధ్యాహ్నం ఎండకు వెనీషియన్ హోటల్లోకి వెళ్లారు. మేడ మీద కాలువ, కాలువలో పడవలు, పడవ నడిపేవాళ్లు పాటలు పాడుతుంటారు. పైన నీలాకాశం, తెల్లమబ్బులు. అంతా పైకప్పు మీద వేసిన రంగే. బయట ఏ వేళైనా లోపల మాత్రం ఎప్పుడూ చల్లని సాయంకాలమే. ఆవిడ కాసేపు తలెత్తి చూసి ‘మయసభ అంటే ఇలాగే ఉండుంటుందేమోనండీ’ అన్నారు. నీరు ఉన్నచోట నేలనీ, నేల ఉన్నచోట నీరనీ భ్రమపడి దుర్యోధనుడు అభాసుపాలయింది అక్కడే కదా. పోలిక బాగానే కుదిరింది. ఆవిడ అక్కడితో ఆగితే బాగుండుననిపించేలా మాస్టారు జేబులోని ఇరవై నోటు తడుముకుంటున్నారు.

ఎందుకంటే ఈ హోటళ్లలో దేన్ని చూడాలన్నా దాదాపుగా కేసినో మధ్యలోంచే నడవాలి. భోజనానికీ అదే దారి, షోకీ అదే దారి. లోపల గడియారాలు కనిపించడం అరుదు, కిటికీలూ అంతే. తివాచీలు, దీపాలు, గలగలమనే చప్పుళ్లు... పొద్దుపోయిందో లేదో తెలియదు. రౌలెట్ బల్ల దగ్గర ఆగి మాస్టారు భార్యకు పాఠం చెప్పారు. ‘చూడు, చక్రంలో 1 నుంచి 36 దాకా అంకెలు, ఒక సున్నా, ఒక డబుల్ సున్నా. మొత్తం 38 గదులు. అన్నింటి మీదా తలా ఒక డాలర్ పెట్టావనుకో, 38 పెట్టినట్టు. ఏ అంకె వచ్చినా నీ చేతికొచ్చేది 36. అంటే నూటికి అయిదు డాలర్ల పావు వాళ్లకి.’ కొన్ని బల్లల మీద మూడో సున్నా కూడా ఉంది. అక్కడైతే 39 పెడితే 36, నూటికి ఏడున్నర పైనే. చెప్పడం అయ్యాక, అంత చక్కగా లెక్కకట్టిన మనిషే వెళ్లి మీటల యంత్రం ముందు కూర్చున్నారు!

ఆ యంత్రం మీద ‘ఒక సెంటు’ అని పెద్దక్షరాలతో ఉంది. సెంటంటే డాలర్‌లో నూరో వంతు కదా అనుకుంటే, బటన్ నొక్కిన ప్రతిసారీ 88 సెంట్లు కరిగిపోతున్నాయి. చాలా గీతల మీద ఒకేసారి పందెం కాయాలన్న నిబంధన చిన్న అక్షరాల్లో ఉంటుంది. నెవాడా నిబంధనల ప్రకారం యంత్రం దీర్ఘకాలంలో పందెం సొమ్ములో కనీసం 75 శాతం తిరిగివ్వాలి. ఆ దీర్ఘకాలం మన చేతిలో ఉండదు కాబట్టే కేసినోలు నడుస్తున్నాయి. మాస్టారి ఇరవై మొదట ముప్ఫై అయింది. కాసేపటికి నలభై ఒకటి. యంత్రం సంగీతం వాయించింది, దీపాలు చిందులేశాయి. ‘లేవండి, ఇంక చాలు’ అన్నారావిడ. ‘ఉండవోయ్, ఇప్పుడే కదా ఊపందుకుంది’ అన్నారాయన. ఇంకో ఇరవై నిమిషాలకు తెర మీద మిగిలింది పన్నెండు సెంట్లు.

‘ఏమోయ్, ఆ బ్యాగులో ఇంకో ఇరవై ఇటివ్వు. పోయింది రాబట్టుకుని లేచిపోదాం.’

ఆవిడ ముఖం ఒక్కసారిగా మారిపోయింది. ‘మా నాన్న కూడా సరిగ్గా ఈ మాటే అన్నాడండీ’ అన్నారు, అంతే మెల్లగా. మాస్టారు మరి మాట్లాడలేదు. పన్నెండు సెంట్ల చీటీ యంత్రంలోంచి తీసుకుని జేబులో పెట్టుకున్నారు. అది తర్వాత ఎక్కడా మార్చలేదు.

బయటికొస్తూ ఆవిడ అన్న మాట మాత్రం ఎవరైనా రాసి పెట్టుకోదగింది. భారతంలో మయసభ కట్టించుకున్న ధర్మరాజే జూదంలో సర్వం పోగొట్టుకున్నాడు. ఇక్కడ మయసభ కట్టినవాడు మాత్రం ఎప్పటికీ ఓడిపోడు! ఊరికే చూసొచ్చే వాళ్ల వేడుకకు కొంత డబ్బు బల్లల దగ్గర ఓడిపోయినవాళ్లదే. అలాగని ఈ రోజుల్లో పూర్తిగా వాళ్లదే కూడా కాదు. స్ట్రిప్ హోటళ్లకు జూదం కన్నా గదులు, భోజనాలు, షోల మీద వచ్చేదే ఎక్కువ. ఒకప్పుడు ఆటగాళ్లను రప్పించడానికి కారుచౌకగా పెట్టిన భోజనాలు పోయాయి. గది అద్దె మీద రిసార్ట్ ఫీజు అదనం. చాలాచోట్ల కారు నిలిపినా రుసుమే. ఆడనివాళ్ల జేబు కూడా చూసుకుంటున్నారన్నమాట.

అయినా బెలాజియో ఫౌంటెన్లకు ఇప్పటికీ టికెట్ లేదు. 1998లో తెరిచిన ఈ హోటల్ లాబీ కప్పుకు రెండువేల గాజుపూలు వేలాడుతుంటాయి. శిల్పి డేల్ చిహూలీ పనితనమది. ఆ వెనక ఋతువును బట్టి మార్చే పూలతోట ఉంది. సాయంత్రం చీకటి పడగానే హోటల్ ముందు ఎనిమిదిన్నర ఎకరాల చెరువులో పన్నెండొందలకు పైగా గొట్టాల నుంచి నీళ్లు పాటకు తగ్గట్టు నాట్యం చేస్తాయి. కొన్ని 460 అడుగుల దాకా లేస్తాయి. రాత్రిపూట పావుగంటకోసారి. పాట పాటకూ ఆట మారుతుంది. దంపతులిద్దరూ గట్టు పట్టుకుని నాలుగు ఆటలు చూశారు.

గోదావరి గట్టున పెరిగినావిడకు రావలసిన సందేహమే వచ్చింది. ఎడారిలో ఇన్ని నీళ్లెక్కడివి? జవాబు ఆశ్చర్యంగా ఉంటుంది. ఈ చెరువు నీళ్లు నదివి కావు. ఇదివరకు ఇక్కడున్న గోల్ఫ్ మైదానాన్ని తడపడానికి వాడిన బావివి. గడ్డికి పోసినదానికన్నా ఫౌంటెన్‌కు తక్కువే పడుతోందంటారు. ఊరు తాగేది మాత్రం హూవర్ డ్యామ్ వెనకున్న మీడ్ సరస్సు నీరు. తాగునీటిలో పదింట తొమ్మిది వంతులు అక్కణ్నుంచే. మన నాగార్జునసాగర్ ఆనకట్ట ఎత్తు 124 మీటర్లయితే, హూవర్ డ్యామ్ 221 మీటర్లు. అంతటి సరస్సు కూడా 2022 వేసవిలో, నిండిన తర్వాత ఎన్నడూ లేనంత అడుక్కి దిగిపోయింది. అయితే ఇళ్లల్లో, హోటళ్లలో కుళాయి తిప్పి వాడిన నీళ్లు దాదాపుగా మొత్తం శుద్ధి చేసి మళ్లీ సరస్సులోకే వదులుతున్నారు. అసలు నష్టం ఆరుబయట గడ్డికి పోసిన నీళ్లే. అందుకే ఉత్తినే అందానికి పెంచే పచ్చిక మీద 2021లో చట్టం తెచ్చారు. పచ్చిక బయళ్లని పేరు పెట్టుకున్న ఊరు పచ్చిక పీకేస్తోంది! నీళ్ల దగ్గర ఇంత లెక్కగా ఉండే ఊరు డబ్బు దగ్గర మాత్రం మనల్ని లెక్క మర్చిపొమ్మంటుంది.

రాత్రి పదింటికి ‘డ్యూస్’ అనే రెండంతస్తుల బస్సెక్కి పాత ఊరికి వెళ్లారు. ఈ బస్సులు స్ట్రిప్‌లో ఇరవై నాలుగ్గంటలూ తిరుగుతాయి. దారిలో అర్ధరాత్రి దాకా పెళ్లి లైసెన్సులిచ్చే ప్రభుత్వ కార్యాలయం ఉన్న వీధులు వస్తాయి. వరుడూ వధువూ గుర్తింపు కార్డులతో వచ్చి రుసుము కడితే అప్పటికప్పుడు కాగితం చేతికొస్తుంది. జాతకాలూ లేవు, ముహూర్తమూ లేదు. ‘మన కేటరింగు ఖర్చుతో ఇక్కడ ఎన్ని పెళ్లిళ్లవుతాయో’ అని మాస్టారు లెక్క మొదలుపెట్టబోతే ఆవిడ ఆపేశారు.

ఫ్రీమాంట్ వీధి పాత కేసినోల వీధి. దానిపైన దాదాపు 1,400 అడుగుల పొడవున దీపాల పందిరి వేశారు. రాత్రంతా దానిమీద బొమ్మలు పరుగెడుతుంటాయి. అక్కడి గోల్డెన్ నగ్గెట్ హోటల్లో అద్దాల పెట్టెలో ఒక బంగారు ముద్ద ఉంది. 1980లో ఆస్ట్రేలియాలో ఒక వ్యక్తి లోహాలను పసిగట్టే పరికరంతో వెతుకుతుంటే అడుగు లోతులోనే దొరికిందది. బరువు 27 కిలోల పైన. పది లక్షల డాలర్లకు పైగా పెట్టి కేసినో కొనుక్కుంది. చూడటం ఉచితం. పగలంతా ఏ హోటల్ దగ్గరా ఆగనంతసేపు ఆవిడ అక్కడ ఆగిపోయారు.

‘మన లెక్కలో ఎన్ని కాసులండీ?’

మాస్టారు కళ్లు మూసుకుని ఎనిమిదితో భాగించారు. ‘మూడువేల నాలుగొందలు.’

‘వాళ్లు కూడా అమ్ముకోకుండా పెట్టెలోనే దాచుకున్నారు చూశారా’ అన్నారావిడ, బ్యాగు చంకకింద సర్దుకుంటూ. అందులో ఎనభై డాలర్లు అలాగే ఉన్నాయి.