బాపుకు వినపడని చప్పుడు

మాది సోలాపూర్‌లో పద్మశాలీల వాడ. తాతల కాలంలో కరీంనగర్ వైపు నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లం. ఇంట్లో తెలుగు, గల్లీలో మరాఠీ, కోపమొస్తే రెండూ. సోలాపూర్ అనగానే హాస్టల్‌లో అందరూ చాదర్లే అడుగుతారు. నాకు మాత్రం మా బాపు పికప్పే గుర్తొస్తది.

బాపు 22 ఏళ్లు టవల్ సాంచాల మీద పని చేసిండు. ఆ షెడ్డులో పక్కమనిషితో మాట్లాడాలన్నా చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి. ఆ మోతే ఆయన వినికిడిని తినేసింది. ఇంట్లో ఎవరం ఆ మాట పైకి అనం. టీవీ సౌండు పెంచుతాం, అంతే. సాంచాలు మానేసినంక పాత డీజిల్ పికప్ ఒకటి కొని టవళ్ల మూటలు మోస్తున్నడు.

మొన్న దసరా సెలవులకు పోయేసరికి బండికి బ్రేకు గట్టిపడింది. "కాలు పెడితే రాయి మీద పెట్టినట్టున్నది బిడ్డా" అన్నడు. మెకానిక్ బ్రేకు షూలు మార్చి పైసలు తీసుకున్నడు, రాయి రాయిలాగే ఉంది. తెల్లారితే తుల్జాపూర్‌కు లోడు. దూరం దాదాపు 45 కిలోమీటర్లే కానీ చివర్లో ఘాట్ రోడ్డు.

రాత్రి ఫోన్‌లో వెతికితే అన్నీ అమెరికా పాత పికప్‌ల ఏసీ గొడవలే. ఆ బండ్లలో గాలి ముఖానికి రావాలా, కాళ్లకా, ముందు అద్దానికా అని తిప్పే చిన్న చిన్న తలుపులు ఉంటాయట. ఇంజిను పీల్పుతో పుట్టే వాక్యూమ్ వాటిని లాగుతుంది. సన్న గొట్టం ఎక్కడ పగిలినా స్ప్రింగు ఆ తలుపును వెనక్కి నెట్టేస్తుంది, గాలంతా అద్దానికే పోతుంది. మనిషికి చెమట పట్టినా సరే, అద్దం మసకబారొద్దని అట్లా చేశారు. నాకు ఆ తెలివి నచ్చింది. మా బండికి ఏసీ లేదు, కిటికీనే ఏసీ. వాక్యూమ్ మాత్రం ఉంది. డీజిల్ ఇంజిను పెట్రోలుదానిలా గాలిని బిగబట్టి పీల్చదు కాబట్టి, ఆల్టర్నేటర్ వెనకాల చిన్న పంపు పెట్టారు. అక్కడి నుంచి రబ్బరు గొట్టం బ్రేకు బూస్టర్‌కు పోతుంది. కాలికి బలం అదే.

పొద్దున్నే బాపుతో పరీక్ష చేయించిన. ఇంజిను ఆపి పెడల్‌ను నాలుగైదు సార్లు తొక్కాలి. గట్టిపడ్డాక కాలు తీయకుండా స్టార్ట్ చేస్తే పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగలేదు.

బానెట్ ఎత్తి ఇద్దరం వంగినం. ఇంజిను మోత కింద సన్నగా "చుస్స్" అని వినిపిస్తున్నది. "బాపూ, వినొస్తున్నదా?" అని అడిగిన. ఆయన తల పక్కకు వంచి చాలాసేపు చూసి, "బండి మోతల ఏం వినొస్తది?" అన్నడు.

చున్నీ నడుముకు బిగించి, బెల్టుకు దూరంగా నిలబడి, నీళ్ల పైపు ముక్క ఒక కొన చెవికి పెట్టుకున్న. రెండో కొన గొట్టం వెంబడి జరుపుకుంటూ పోయిన. ఒక వంపు దగ్గర చప్పుడు చెవిలో పొడిచినట్టయింది. ఇంజిను ఆపి చూస్తే, ఇనుప రేకుకు రాసుకొని రాసుకొని అక్కడ రబ్బరు చీలింది. సగం వేలెడు చీలిక. దాని కోసమా ఇంత!

బాపే పోయి కొత్త గొట్టం, క్లాంపులు తెచ్చి బిగించిండు. ఈసారి స్టార్ట్ చేయంగనే పెడల్ మెత్తగా దిగింది. ఆయన దిగొచ్చి, నా చేతిలో పైపు ముక్క తీసుకొని తన చెవికి పెట్టుకున్నడు. ఇంజిను మీద అటూ ఇటూ జరిపిండు.

"ఏం వినొస్తున్నది బాపూ?"

"ఏం లేదు" అన్నడు. "బాగైంది కదా, ఇంకేం వినొస్తది?"

ఆ రోజు తుల్జాపూర్‌కు నేను కూడా పోయిన. అవ్వ వద్దన్నది, ఆడపిల్లవు లోడు బండిలో ఎందుకని. ఘాట్ మీద వెనక హారన్ మోగినప్పుడల్లా ఆయన భుజం తట్టిన. మూడోసారికి ఆయనే, హారన్ లేకున్నా, నా వైపు చూడటం మొదలుపెట్టిండు.