దుమ్ము పద్దు

వ్యయమును రెండు తెగలుగా విభజించి లెక్కించుట మా సీమలో పెద్దలనాటి నుండి వచ్చుచున్న ఆచారము. ఎడ్లు, నాగలి, కుట్టుమిషను, బోరుబావి మొదలగునవి పెట్టిన పైకమును ఏదో యొక రూపమున తిరిగి యింటికి చేర్చునవి (బోరు విషయమున ఈ మాట అన్నివేళల నిజము కాదని మా జిల్లా రైతు నెవని నడిగినను చెప్పును). పెండ్లి, పండుగ, తీర్థయాత్ర మొదలగునవి పోయినది పోయినట్లే యుండునవి. మొదటి తెగకు అప్పు చేసినను దోషము లేదనియు, రెండవదానికి చేతిలో నున్నంత మేరకే వెచ్చింపవలెననియు నల్లగొండ, పాలమూరు మెట్టప్రాంతముల సంసారులు ఏర్పరచుకొన్న నియమమునే నేనును ఉద్యోగకాలమంతయు పాటించితిని. పదవీవిరమణానంతరము ఇంటి వెనుక రేకుల షెడ్డు వేసికొని, తాతల నాటి వడ్లపనిని తిరిగి చేపట్టి, కుర్చీలు, అలమరలు, తలుపులు చేసి అమ్ముకొనుచున్న నాకు, షెడ్డులోని కట్టెదుమ్మును పీల్చు యంత్రమును కొనవలసి వచ్చినప్పుడు మాత్రము, దానిని ఆ రెండు తెగలలో ఏ పద్దు క్రింద వ్రాయవలెనో తోచలేదు. అది కోయదు, నునుపు చేయదు, నెలకు ఒక్క కుర్చీ నైనను అదనముగా తయారు కానీయదు. అట్లని విలాసమును గాదు.

మా తాతగారికి ఈ చిక్కు లేదు. దేవరకొండ దిక్కున ఒక పల్లెలో వేపచెట్టు నీడన కూర్చుండి ఆయన నల్లతుమ్మతో బండిచక్రములును, నాగళ్ళును, గుంటకలును చేసెడివారు. బాడిశ దెబ్బకు లేచునవి పేళ్ళు. రందా పట్టినప్పుడు రాలునది చుట్టలు తిరిగిన పొట్టు. రెండును బరువు గలవి గనుక కాళ్ళయొద్దనే పడెడివి, సాయంకాలమునకు పొయ్యిలోనికి చేరెడివి. చేతిరంపము రాల్చు సన్నని పొడి నేదైన నున్నచో మెట్టసీమ గాలి దానిని అరక్షణములో చెలక దాటించెడిది. నా షెడ్డులో నున్నవి టేబుల్ రంపము, రూటరు, శాండింగ్ మిషను. నిముసమునకు వేలకొలది చుట్లు తిరుగు ఈ యంత్రములు కట్టెను పిండి చేయును, ఆ పిండికి బయటికి పోవ త్రోవ లేకుండ నాలుగు గోడలును రేకుకప్పును నేనే కట్టించితిని. రేకుకు మేకు ఊడిన చోట ఒక సన్నని రంధ్రముండెను. మిట్టమధ్యాహ్నమున దానిగుండ గదిలోనికి దిగు ఎండచారలో, శాండింగ్ మిషనును ఆపి, భోజనము చేసి, కొంత కునుకు తీసి వచ్చిన పిదపను దుమ్ము కణములు క్రిందికి దిగక అట్లే తేలుచుండుట నేను పలుమారు చూచితిని. కంటికి కనబడునవియే అన్ని గంటలు గాలిలో నిలిచినచో, వెండ్రుక మందములో పదవవంతు గూడ లేని సూక్ష్మకణములు, ముక్కు వెండ్రుకలును గొంతు తడియు అడ్డగింపజాలనివి, ఇంకెంతసేపు నిలుచునో ఊహింపవచ్చును.

ఈ దుమ్మువలన హాని గలదనుట నా భయము కల్పించినది కాదు. ఇంగ్లండులో హైవికోంబ్ అను పట్టణము కుర్చీల తయారీకి పేరుపొందినది. అచ్చటి కర్మాగారములలో పనిచేయు వడ్రంగులకు ముక్కు లోపలి క్యాన్సరు సామాన్యజనులకన్న మిక్కిలి హెచ్చుగా వచ్చుచున్నదని ఎస్మీ హాడ్‌ఫీల్డు అను వైద్యురాలు గమనింపగా, అచిసన్ ప్రభృతులతో కలిసి ఆ విషయమును 1968లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించిరి. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1995లో కట్టెదుమ్మును నిశ్చయముగా క్యాన్సరు కారకములైన వాని మొదటి వర్గమున చేర్చినది. ఆ రోగము అరుదు. దగ్గు, ఉబ్బసము, చర్మపు దురద అరుదు కావు. టేకు కోసిన నాడు ముంజేతులు దద్దురెక్కు వారిని మా ఊరి కోతమిల్లులో ఎప్పుడు వెదకినను ఒకరైన కనబడుదురు. బ్రిటను ప్రభుత్వము గట్టి కలప దుమ్ము ఘనమీటరు గాలిలో 3 మిల్లీగ్రాములు మించరాదని హద్దు పెట్టినది. ఎనిమిది గంటల పనిలో మనుష్యుడు పీల్చు గాలి రమారమి 10 ఘనమీటర్లు. అనగా దినమంతటికిని కలిపి ఇంచుమించు ఒక్క బియ్యపుగింజ యెత్తు.

కనబడని హానిని గురించి నల్లగొండవారికి ఒకరు చెప్పనక్కరలేదు. మర్రిగూడ, మునుగోడు ప్రాంతముల బావినీరు చూచుటకు తేటయే. ఆ తేటనీటి ఫ్లోరైడు రెండు తరముల వారి ఎముకలను వంచినది. నెల్లూరు ప్రాంతమున ఈ వ్యాధిని వైద్యులు గుర్తించి వ్రాసినది 1937లో. తరువాత మిషన్ భగీరథ యనబడిన మంచినీటి పథకమునకు చౌటుప్పల్‌లో పైలాను ఆవిష్కరించినది 2015 జూన్ 8న. నడుమ గడచిన కాలమున, పనికి పోలేని దినముల కూలియు, నొప్పిమాత్రల ఖరీదును, పెండ్లి కుదరని పిల్లల దుఃఖమును ఏ ఇంటి లెక్కలోను నీటి పద్దు క్రింద ఎవరును వ్రాసికొనలేదు. వ్రాసికొనియుండినచో ఎంత ఖరీదైన శుద్ధియంత్రమును చౌకగానే కనబడియుండెడిది. నా దుమ్ముయంత్రమును ఏ తెగలో చేర్చవలెనన్న సందేహమును తీర్చినది ఈ యాలోచనయే: నా షెడ్డు తెచ్చిపెట్టుచున్న ప్రతి రూపాయిలోను, ఇంతవరకు పద్దు వేయక మిగులుగా భ్రమపడిన యొక అప్పు దాగియున్నది, యంత్రము ఆ అప్పు తీర్చుటకు కట్టు కిస్తు.

కాని కిస్తు కట్టుటకును పైకము కావలెను. థిక్‌నెసర్ కొనవలెనని కూడబెట్టిన సొమ్ము సుమారు అరువది వేలు ఫిక్స్‌డ్ డిపాజిట్టులో నుండెను. పలకలను ఒక్క మందముగా చదును చేయు ఆ యంత్రము వచ్చినచో మిల్లు ఖర్చు తగ్గును, పని త్వరగా తెములును. లెక్కకు అదియే ముందు రావలసినది. మా వీధిలో వడ్లపని చేసికొను ఒకాయన నా నిర్ణయమును విని నిజముగనే బాధపడెను: “సారూ, గిన్ని పైసలకు థిక్‌నెసర్ వస్తుండె గద. పైసలు వెట్టి దుమ్మును కొనుక్కుంటరా ఎవరన్న?” ఆతని కోణమున చూచిన ఆతని మాట సబబే. అయినను థిక్‌నెసర్ నా వద్ద నున్న యంత్రము లన్నింటికన్న ఎక్కువ పొట్టు వెదజల్లునది. పీల్చు యంత్రము లేక దానిని తెచ్చుట మోరీ తవ్వకముందు స్నానపుగది కట్టుట వంటిది. కావున ఆ వరుసను తారుమారు చేసితిని.

అప్పు చేయవచ్చును గదా యని మా అబ్బాయి సూచించెను. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకమున వడ్రంగము మొదలు పదునెనిమిది చేతివృత్తుల వారికి పూచీకత్తు లేకుండ 5 శాతము వడ్డీకి మొదట లక్ష, అది పదునెనిమిది నెలలలో తీర్చినవారికి తరువాత 2 లక్షలు ఇచ్చుచున్నారు. పనిముట్లకు 15,000 రూపాయల వోచరు వేరు. బ్యాంకు నాకు డిపాజిట్టుపై 7 శాతము నిచ్చుచుండగా 5 శాతమునకు అప్పు దొరకుట అంకగణితమున లాభమే. అయితే ప్రభుత్వోద్యోగుల కుటుంబములకు వర్తింపనిదియు, చేతిపనినే నమ్ముకొన్నవారి కొరకు పెట్టినదియు నగు పథకమున ఫించను పుచ్చుకొను నేను చేయి చాచుట నాకు తగదని తోచినది. దానికి నిజముగా అర్హుడైన ఆ వడ్లాయనచేత మీసేవ ప్రక్కన నున్న కామన్ సర్వీస్ సెంటరులో పేరు వ్రాయించితిని. నేను మాత్రము డిపాజిట్టు గడువు తీరగనే తీసికొంటిని.

సికిందరాబాదు రాణిగంజ్‌లో ఇట్టి యంత్రములు దొరకును. అచ్చట అమ్మువారు మొదట చెప్పునది హార్స్‌పవరు. గ్రాహకుడును అదియే అడుగును. యంత్రము వెనుకనున్న గుడ్డసంచి ఎంత సన్నని దుమ్మును పట్టునో అడుగువారు తక్కువ. చౌకరకపు సంచులు 30 మైక్రానుల వరకే పట్టును. అంతకన్న సన్ననిది, అనగా ఊపిరితిత్తులకు చేటు చేయునదంతయు, నేత సందులనుండి దూరి గదియంతట మరింత సమముగా చల్లబడును. పేళ్ళను పట్టి, పొగవంటి దుమ్మును విడుచు అట్టి యంత్రమునకు వెచ్చించుటకన్న ముక్కుకు ఎన్‌95 మాస్కు కట్టుకొని తలుపులు తెరచుకొనుట మేలు. శీతలదేశములలో వేడిచేసిన గదిగాలిని బయటికి తోలిన నష్టము గనుక దానిని వడబోసి మరల గదిలోనికే విడువవలసియుండును. మే నెలలో నలుబది యైదు డిగ్రీలు తాకు మా ఊరిలో దాచుకొనదగిన గాలి షెడ్డులో ఏమున్నది? గోడకు కన్నము పెట్టి బయటికి తోలినచో ఫిల్టరు ఖర్చే లేదు. ఊరి చివర ఖాళీస్థలము గలవారు నిస్సందేహముగా అట్లే చేయవచ్చును. నా గోడ కావల పొరుగింటి మేడ. దానిపై ఎండకాలమంతయు మిరపకాయలును వడియములును ఎండుచుండును. తొమ్మిదివేలు పెట్టి ఒక మైక్రాను ఫిల్టరు కొనుట, పొరుగువారితో వైరము కొనుటకన్న చౌక.

రెండు హార్స్‌పవరుల యంత్రమునకు 38,500, ఫిల్టరుకు 9,000, గొట్టములు, వంపులు, బిగింపులకు 6,200, వైరింగు, స్టార్టరు, ఎర్తుకు 4,300, వెరసి 58,000 రూపాయలు. యంత్రపు ధరలో 18 శాతము జీఎస్టీ క్రింద పోయిన సుమారు 5,870 రూపాయలు, రిజిస్ట్రేషను లేని నావంటి చిన్నవానికి తిరిగి రావు. గొట్టమునకు ప్రత్యేకమైన సామగ్రి ఏదియు కొనలేదు. ఇండ్లలో మురుగునీటికి వాడు 110 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టమే చాలినది. పొట్టు దారిలో నిలిచిపోకుండ కొట్టుకొనిపోవుటకు గాలి సెకనుకు సుమారు 20 మీటర్ల వేగమున సాగవలెను గనుక, గొట్టము ఎంత పొట్టిగా, ఎంత తిన్నగా నున్న అంత మంచిది. ముడతల గొట్టము గాలిని మిక్కిలి అడ్డగించును. యంత్రము దగ్గర మూరెడు విడిచి తక్కిన చోట్ల దానిని వాడలేదు. మూలమలుపులో ఒక్క నిలువు వంపునకు బదులు రెండు అరవంపులు పెట్టించితిని. గాలిని ఒక్క యంత్రమువైపే మళ్ళించు గేట్లను మిగిలిన ప్లైవుడ్ ముక్కలతో నేనే చేసికొంటిని. ఎండకాలపు పొడిగాలికి పీవీసీ గొట్టము చేతి వెండ్రుకలను చిటపటలాడించును. దానివెంట రాగితీగ చుట్టి ఎర్తుకు కలిపితిని. ఇనుము రాచు గ్రైండరును మాత్రము ఆ గొట్టమునకు ఎన్నడును తగిలింపరాదు: ఒక్క నిప్పురవ్వ సంచెడు పొట్టుకు చాలును.

కరెంటు సంగతి చెప్పవలెను. రెండు హార్స్‌పవరులనగా గంటకు ఇంచుమించు రెండు యూనిట్లు. 2024 మార్చినుండి గృహజ్యోతి క్రింద 200 యూనిట్లలోపు ఉచితముగా పొందుచున్న ఇంటివారు దీనిని ఇంటి మీటరుపై దినమునకు గంటన్నర నడిపినను నెలకు సుమారు తొంబది యూనిట్లు చేరి, హద్దు దాటి, బిల్లంతయు మీద పడవచ్చును. అదియునుగాక అమ్మకపు పనికి ఇంటి మీటరు నియమవిరుద్ధము. పది హార్స్‌పవరుల లోపు వడ్రంగమును విద్యుత్ సంస్థవారు కుటీరపరిశ్రమల క్రింద వేరు తరగతిగా చూచుచున్నారు. దుకాణపు తరగతిలో పడవేయక ముందే ఆ తరగతిని పేరు పెట్టి అడుగుట మంచిది.

ఇక యంత్రమును అప్పు లేక కొన్నంత మాత్రమున పద్దు ముగియలేదు. ఎనిమిదేండ్లు, ఏటికి నాలుగు వందల గంటల చొప్పున నడచునని వేసికొన్నచో పెట్టుబడి గంటకు 18 రూపాయలు, డిపాజిట్టులో నుండినచో వచ్చెడి వడ్డీ ఏటికి 4,060 గనుక గంటకు 10, కరెంటుకు 10, సంచులు మార్చుటకు 3. మొత్తము 41కి అటుఇటు. నేను 45 అని వేసితిని. జత తలుపులకు యంత్రము ఆరుగంటలు నడచిన 270 రూపాయలు. టేకు ధర ముందర ఇది లెక్కలోనిది కాదు, కాని దీనిని వేయని నాడు ఆ 270 రూపాయలు నేను నా ఊపిరినుండి తీసి గ్రాహకునకు చేతిలో పెట్టుచున్నట్లే. మొదట దీనిని కూలిలో కలిపి చూపితిని. తరువాత బిల్లుపై వేరుగా వ్రాయుట నేర్చితిని. మిర్యాలగూడనుండి వచ్చిన ఒకాయన “దుమ్ముకు గూడ బిల్లేంది సారూ?” యని నవ్వెను. షెడ్డులోనికి తీసికొనిపోయి, నెల దినములలో నిండిన సంచిని మూతి విప్పి చూపితిని. పైన రందా పొట్టు, క్రింద గోధుమపిండివలె మెత్తనిది. ఆయన వార్నిషులో రెండు వందలు తగ్గింపుమని బేరమాడెను. తగ్గించితిని, దుమ్ము పద్దును మాత్రము కొట్టివేయలేదు.

సంచిలోని సొత్తునకు స్వల్పముగా రాబడియు గలదు. టేకు, వేప పొట్టును పొట్టుపొయ్యి వాడు టిఫిను బండివారు బస్తాల లెక్కన కొనుచున్నారు. పేళ్ళను కోళ్ళఫారాలవారు పరుపునకు తీసికొనిపోవుదురు. ప్లైవుడ్, ఎమ్‌డీఎఫ్ కోసిన దినపు పొట్టు మాత్రము జిగురురసాయనములు గలది గనుక ఎవ్వరికిని ఇయ్యను. దానిని వేరు సంచిలో పట్టి వేరుగా పారవేయవలసివచ్చును, అదియు నొక ఖర్చే.

థిక్‌నెసర్ ఇంకను రాలేదు. దాని కొరకు నెలనెల రికరింగ్ డిపాజిట్టు కట్టుచు, అంతవరకు పలకలను మిల్లులోనే చదును చేయించుచున్నాను; గోడ వెంట వేసిన గొట్టమునకు దాని కొమ్మ మాత్రము ముందే విడిచి మూత బిగించితిని. అది వచ్చిన పిదప పీల్చు యంత్రము నడచు గంటలు పెరుగును గనుక గంటకు పడు 45 తగ్గవలెను. తగ్గినంత మేర గ్రాహకునకు విడుతునా, తరువాతి ఫిల్టరుకు నిలువ చేయుదునా యన్నది ఇంకను తేలలేదు.