జాతర నాడు రావాలి

శని, ఆదివారాలొస్తే అనంతగిరి గుట్టల దారంతా హైదరాబాద్ కార్లే. వచ్చినవాళ్లు అడవి చూసి, కోట్‌పల్లి చెరువులో పడవ నడిపి, పొద్దుగూకేసరికి తిరుగుముఖం పడతారు. వికారాబాద్ జిల్లాకు బయట వచ్చిన పేరంతా ఈ ఒక్కపూట విహారంతోనే వచ్చింది. బతుకుదెరువుకు పట్నం పోయిన ఇక్కడి బిడ్డలు సొంతూరికి చేరే రోజులు మాత్రం వేరు. కార్తీకంలో అనంత పద్మనాభస్వామి పెద్ద జాతర, ఎండలు ముదిరే వేళ తాండూరు భద్రేశ్వరుడి రథోత్సవం, బతుకమ్మ, దసరా. ఈ ప్రాంతాన్ని నిజంగా చూడదలచినవాళ్లు కూడా ఆ రోజుల్లోనే రావాలి. మనుషులు ఊళ్లో ఉండేదీ, మనసారా నవ్వుకునేదీ అప్పుడే.

ఆ నవ్వుకు ఇక్కడ ప్రత్యేకమైన నేల ఉంది. తాండూరు రోడ్ల పక్కన నాపరాతి పాలిషింగ్ యూనిట్లు, వరసగా నిలబెట్టిన బండలు, వాటి వెనక తెల్లగా పేరుకున్న రాతిపొడి. 2022లో భౌగోళిక గుర్తింపు దక్కిన కంది ఈ చుట్టుపక్కల పొలాల్లోదే. వాడి జంక్షన్ వైపు పోయే నిజాం కాలపు రైలుమార్గం ఊరి మీదుగానే సాగుతుంది. పొలిమేర దాటితే కర్ణాటక. గనికీ గంజ్‌ మార్కెట్‌కీ నలుదిక్కుల నుంచి జనం రావడంతో ఒక్క బేరంలోనే తెలుగు, ఉర్దూ, కన్నడం దొర్లుతాయి. ఇలాంటి జనాన్ని నవ్వించాలంటే పుస్తకాల తెలుగు చాలదు.

తెలంగాణ పల్లెల్లో ఆ పని చేసినవాడు పిట్టల దొర. తుపాకి రాముడన్నా, లత్కోర్ సాబ్ అన్నా అతనే. ఒంటిమీద ఖాకీ, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకి. తన భూములు, తన బంగళాలు, తన ఫౌజు అంటూ ఊపిరి తిప్పుకోకుండా కోతలు కోసి, చివరకు గుప్పెడు గింజల కోసం చెయ్యి చాస్తాడు. ఆ కోతలకు ఎందుకు నవ్వేవారంటే, విన్నవాళ్లు అసలు దొరలను చూసినవాళ్లు. వికారాబాద్ పేరే పాయిగా ప్రభువు వికార్ ఉల్ ఉమ్రాది. జాగీర్ల కింద బతికిన రైతు దొర డాబును నిర్భయంగా ఎగతాళి చేయగలిగింది ఈ ఉత్తుత్తి దొర ఎదుటే.

ఇదంతా ఇప్పుడు ఫోన్లోనే దొరుకుతుంది కదా అనవచ్చు. నిజమే. పక్కనే ఉన్న చేవెళ్ల మండలం పామెన నుంచి వచ్చిన బిత్తిరి సత్తి ఈ ప్రాంతపు యాసను టీవీ వార్తల్లోకి తెచ్చి రాష్ట్రమంతా నవ్వించాడు. 2019లో ‘తుపాకి రాముడు’ పేరుతోనే సినిమా వచ్చింది. కానీ తెరమీది మాట ఎవరి ముందైనా ఒక్కటే. గుంపు ముందు నిలబడ్డవాడు ఎదుటివాడి చొక్కా చూసి, చుట్టరికం కలిపి, వాడి సమాధానం మీదే తర్వాతి కోత అల్లుతాడు. అలాంటి హాస్యానికి ప్రేక్షకుడు అక్కడ ఉండి తీరాలి.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం మరొకటి ఉంది. ఈ కళాకారులు అడుక్కుని బతికిన సంచార కుటుంబాలవాళ్లు. వాళ్ల పిల్లలు చదువుకుని ఈ వేషం విప్పేస్తే సంతోషించాల్సిందే. మన వినోదం కోసం ఎవరూ చెయ్యి చాచకూడదు. అందుకే అడగాల్సింది దయ కాదు, కూలి. లైట్లకూ మైక్‌సెట్లకూ చందాలు పోగుచేసే జాతర కమిటీలు ఒక సాయంత్రాన్ని ఈ హాస్యానికి కేటాయించాలి. పారితోషికం ముందే మాట్లాడి, పోస్టరు మీద కళాకారుడి పేరు వేయాలి. పట్నం నుంచి వచ్చినవాళ్లు ఎలాగూ ఆ రాత్రి ఊళ్లోనే ఉంటారు.